పదిమందిలో పాము: చూపరి సిద్ధాంతం సైనిక శిబిరంలో నిలుస్తుందా?

“పదిమందిలో పాము చావదు” అని మన సామెత. కర్రలు పట్టుకొన్నవారు పెరిగిన కొద్దీ, పక్కవాడు కొడతాడులే అని ఎవరికి వారు అనుకొంటారు. పాము కాస్తా కన్నంలోకి జారుకొంటుంది. అనుభవంలో తేలిన ఈ సత్యాన్ని 1968లో ఇద్దరు అమెరికన్ మనస్తత్వశాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేసి, శాతాలలో కొలిచి చూపారు. వారిలో ఒకరు కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన బిబ్ లటానే. మరొకరు న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ డార్లే. తమ ప్రయోగాలను ఒకచోట కూర్చి 1970లో వారు ఒక గ్రంథం ప్రకటించారు. దాని పేరును తెలుగులో ‘స్పందించని చూపరి’ అనవచ్చు. చూపరి అంటే ఇక్కడ వేడుక చూసేవాడు కాదు. ఆపద జరిగేచోట ఉండి, ఆ ఆపదలో తాను పాలుపంచుకోనివాడు.

ఈ గ్రంథం పాఠ్యపుస్తకాలకు ఎక్కి అర్ధశతాబ్ది దాటింది. అంతటితో ఆగక, అమెరికా సాయుధ దళాలలో లైంగిక అత్యాచారాలను నివారించే శిక్షణకు కూడా అది పునాది అయింది. పక్కనున్న సైనికుడు సకాలంలో అడ్డుపడితే నేరం జరగకుండా ఆపవచ్చునన్నది ఆ శిక్షణలోని ప్రధానసూత్రం. విషయం సున్నితమైనదే. అయినా మాట్లాడడానికి బిడియపడే విషయాలలోనే శాస్త్రీయ పరిశీలన ఎక్కువ అవసరం. వీధిలోని అపరిచితుల మీద కట్టిన సిద్ధాంతం, అధికారశ్రేణి మీద నడిచే సైన్యానికి ఎంతవరకు సరిపోతుంది? ఈ వ్యాసంలో ముఖ్యంగా పరిశీలించదలచింది ఈ ప్రశ్ననే.

ప్రయోగాలు ఏమి చెప్పాయి?

మొదట గ్రంథంలోని బలమైన భాగాన్ని చూద్దాం. ఒక ప్రయోగంలో విద్యార్థిని గదిలో కూర్చోబెట్టి ఒక ప్రశ్నావళి నింపమన్నారు. కొంతసేపటికి గోడలోని చిన్న రంధ్రం నుంచి పొగ రావడం మొదలైంది. ఒంటరిగా ఉన్నవారిలో 75 శాతం మంది లేచి వెళ్లి ఆ సంగతి చెప్పారు. ముగ్గురేసి విద్యార్థులను కూర్చోబెట్టినప్పుడు 38 శాతం జట్లలోనే ఎవరో ఒకరు లేచారు. శాస్త్రజ్ఞులు ముందుగా ఏర్పాటు చేసిన ఇద్దరు మనుషులు పొగను చూసి కూడా పట్టనట్లు కూర్చొంటే, పదిమంది విద్యార్థులలో ఒక్కడే కదిలాడు. మిగిలినవారు దగ్గుతూ, కళ్లు నులుముకొంటూ, ప్రశ్నావళి నింపుతూనే ఉండిపోయారు.

మరొక ప్రయోగంలో విద్యార్థులు వేర్వేరు గదులలో ఉండి మైకుల ద్వారా మాట్లాడుకొంటారు. వారిలో ఒకడికి మూర్ఛ వచ్చినట్లు వినిపిస్తుంది. ఆ మాటలు తానొక్కడే విన్నాననుకొన్న విద్యార్థులలో 85 శాతం మంది మూర్ఛ ముగిసేలోగా సహాయం కోసం బయటికి వచ్చారు. తనతోపాటు మరొకరు కూడా విన్నారనుకొన్నవారిలో 62 శాతం, మరి నలుగురు విన్నారనుకొన్నవారిలో 31 శాతం మాత్రమే వచ్చారు. ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటి ఉన్నది. కదలనివారు రాతిగుండె గలవారు కారు. పరిశోధకురాలు గదిలోకి వెళ్లి చూసేసరికి వారిలో చాలామందికి చేతులు వణుకుతున్నవి, అరచేతులు చెమర్చి ఉన్నవి. నిర్లక్ష్యం కాదు, తటపటాయింపే వారిని కట్టివేసింది.

ఈ ఫలితాల నుంచి గ్రంథకర్తలు ఐదు మెట్ల క్రమాన్ని రూపొందించారు. చూపరి మొదట సంఘటనను గమనించవలె. రెండవది, అది ఆపద అని గుర్తించవలె. మూడవది, బాధ్యత తనదేనని భావించవలె. నాలుగవది, ఏమి చేయాలో తెలిసి ఉండవలె. ఐదవది, తెలిసినదాన్ని చేయవలె. ఏ ఒక్క మెట్టు మీద కాలు జారినా సహాయం అందదు. “మనుషులలో మంచితనం నశించింది” అన్న నిట్టూర్పు స్థానంలో, ఒక్కొక్క మెట్టును విడిగా పరీక్షించగల నమూనాను నిలపడం ఈ గ్రంథం చేసిన గొప్ప సేవ. ఎక్కడ జారుతున్నామో తెలిస్తే అక్కడ చేయూత ఇవ్వవచ్చు. శిక్షణ అన్న ఆలోచనకు ఇదే మూలం.

మూలకథలోని లోపం

ఈ ప్రయోగాలకు ప్రేరణ ఒక హత్య. 1964 మార్చి 13న న్యూయార్క్ నగరంలో కిటీ జెనోవీస్ అనే యువతిని ఒక దుండగుడు వేకువజామున అత్యాచారం చేసి చంపాడు. 38 మంది కిటికీలలోంచి చూస్తూ కూడా పోలీసులను పిలవలేదని రెండు వారాల తర్వాత న్యూయార్క్ టైమ్స్ పత్రిక రాసింది. ఆ కథనం ప్రపంచమంతటా పాకింది. కాని 2007లో ముగ్గురు పరిశోధకులు ఆనాటి న్యాయస్థానపు రికార్డులను తిరగవేసి, అంతమంది కళ్లారా చూశారనడానికి ఆధారం లేదని తేల్చారు. ఆ కథనంలో లోపాలు ఉన్నట్లు 2016లో ఆ పత్రికే ఒప్పుకొన్నది.

ప్రేరణ తప్పుడు వార్త అయినంత మాత్రాన ప్రయోగాలు తప్పు కావు. అయితే, చూపరి సాధారణంగా కదలడనే చిత్రం జనం మనస్సులో బలంగా నాటుకొన్నది. దానికి విరుద్ధమైన సాక్ష్యం తర్వాత దొరికింది. బ్రిటన్, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికా నగరాల వీధులలో నిఘా కెమెరాలకు చిక్కిన 219 తగాదాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. వాటిలో 91 శాతం తగాదాలలో కనీసం ఒక చూపరి అయినా అడ్డుపడ్డాడు. చూపరులు ఎక్కువగా ఉన్నచోట ఎవరో ఒకరు కలగజేసుకొనే అవకాశం కూడా ఎక్కువైంది. ఈ రెండు ఫలితాలకూ వైరుధ్యం లేదు. గుంపులో ఒక్కొక్కరి సంసిద్ధత తగ్గవచ్చు. కాని మనుషులు చాలామంది ఉంటే ఎవరో ఒకరు ముందుకు రావడానికి వీలెక్కువ. లాటరీలో ఒక్కొక్క టిక్కెట్టు విలువ తగ్గినా, టిక్కెట్లు చాలా ఉంటే బహుమతి రావచ్చును గదా!

మరొక సంగతి. 2005లో ఇంగ్లండులో మార్క్ లెవిన్, ఆయన సహచరులు ఒక ఫుట్‌బాల్ జట్టు అభిమానులతో ప్రయోగం చేశారు. కాలు జారి పడిన మనిషి తమ జట్టు చొక్కా వేసుకొని ఉంటే వారు వెంటనే సాయపడ్డారు. ప్రత్యర్థి చొక్కా అయితే వారిలో చాలామంది సాగిపోయారు. కాని “మనమంతా ఫుట్‌బాల్ అభిమానులం” అన్న భావాన్ని ముందుగా కలిగించినప్పుడు, ప్రత్యర్థి చొక్కా వేసుకొన్నవాడికీ సాయం అందింది. కాబట్టి చూపరులు ఎందరన్నది ఒక్కటే చాలదు. వారు ఎవరిని ‘మనవాళ్లు’ అనుకొంటారన్నది కూడా లెక్కలోకి తీసుకోవలె. సైన్యం విషయంలో ఈ మాటకు బరువు ఎక్కువ.

ఒక దళం, ఒక సైనికుడు

లటానే, డార్లేల గ్రంథానికి ఒక ఏడాది ముందు, 1969లో, డేనియల్ లాంగ్ అనే అమెరికన్ పాత్రికేయుడు ‘యుద్ధ క్షతగాత్రులు’ అని అర్థం వచ్చే పేరుతో ఒక యథార్థ కథనం ప్రకటించాడు. 1989లో అది చలనచిత్రంగా కూడా వచ్చింది. ఈ రెండు రచనలనూ పక్కపక్కన పెట్టి చదివితే మన ప్రశ్నకు చాలావరకు సమాధానం దొరుకుతుంది.

1966 నవంబరులో వియత్నాంలో ఐదుగురు అమెరికన్ సైనికుల గస్తీ దళం బయలుదేరింది. దారిలో ఒక గ్రామం నుంచి ఒక యువతిని ఎత్తుకుపోదామని దళనాయకుడైన సార్జెంటు ముందే ప్రకటించాడు. అన్నంత పనీ చేశాడు. నలుగురు ఆమెపై అత్యాచారం జరిపారు. మరునాడు ఆమెను చంపివేశారు. ఐదవవాడు నిరాకరించాడు. లాంగ్ తన రచనలో అతనికి ఎరిక్‌సన్ అని మారుపేరు పెట్టాడు.

ఈ ఎరిక్‌సన్‌ను ఐదు మెట్ల మీద నిలబెట్టి చూద్దాం. అతను గమనించాడు. ఘోరమని గుర్తించాడు. బాధ్యతను ఇతరుల మీదికి నెట్టే అవకాశమే అతనికి లేదు. మిగిలిన నలుగురూ నేరస్థులే. అయినా అడ్డుపడి ఆమెను రక్షించలేకపోయాడు. కారణం నలుగురిలో నవ్వులపాలవుతానన్న సంకోచం కాదు. తమతో కలవకపోతే సొంత పక్షం తూటాలకే పోయినవాళ్ల జాబితాలో నీ పేరూ చేరుతుందని సార్జెంటు బెదిరించాడు. ప్రయోగశాలలోని విద్యార్థి పొరబడితే పోయేది కాస్త పరువు. ఎరిక్‌సన్ తప్పటడుగు వేస్తే పోయేది ప్రాణం. లటానే, డార్లేలు చిన్న దొంగతనాలు చూసినవారి మీద కూడా ప్రయోగాలు చేశారన్నది నిజమే. కాని వారి ప్రయోగాలలో నేరస్థుడు చూపరికి పై అధికారి కాడు. ఈ గ్రంథంలో నాకు కనిపించే పెద్ద వెలితి ఇదే.

కథ అంతటితో ముగియలేదు. శిబిరానికి తిరిగి వచ్చాక ఎరిక్‌సన్ ఈ సంగతి తన పై అధికారులకు చెప్పాడు. ఒకరు సానుభూతి చూపి, మరచిపొమ్మన్నారు. మరొకరు వ్యవహారం బయటికి పొక్కితే కలిగే చిక్కులను గురించి ఆలోచించారు. అతను పట్టు వదలక చివరకు ఒక సైనిక మతగురువుకు చెప్పగా, నేరపరిశోధకులకు కబురు అందింది. 1967లో సైనిక న్యాయస్థానాలు శిక్షలు విధించాయి. తర్వాత ఆ శిక్షలు బాగా తగ్గిపోయాయి.

ఇప్పుడు అడగవలసిన ప్రశ్న ఇది: ఈ కథలో అసలు చూపరులు ఎవరు? తుపాకుల నడుమ ఒంటరిగా నిలిచిన సైనికుడా, గుడారంలో బల్ల ముందు కూర్చొన్న అధికారులా? వారికి ప్రాణభయం లేదు. అధికారం ఉన్నది. ఏమి చేయాలో నిబంధనల పుస్తకంలో రాసి ఉన్నది. వారు జారినది మూడవ మెట్టు మీద. వీధి గుంపులో బాధ్యత పక్కకు జారుతుంది. సైన్యంలో అది మెట్లవెంట పైకీ కిందికీ జారుతుంది. కిందివాడు పైవాడు చూసుకొంటాడంటాడు. పైవాడు కిందనే సర్దుకొంటుందిలే అంటాడు. ఐదు మెట్ల నమూనా సైన్యానికి పనికిరాదని కాదు, దాన్ని అన్వయించే స్థానం మారవలసి ఉన్నదని నా వాదం.

శిక్షణ ఎంత సాధించింది?

1991 సెప్టెంబరులో లాస్ వేగాస్ హోటలులో జరిగిన నౌకాదళ వైమానికుల సమావేశంలో 83 మంది స్త్రీలు, ఏడుగురు పురుషులు లైంగిక దాడులకు గురి అయినట్లు రక్షణశాఖ విచారణలో తేలింది. దాడులలో చాలా భాగం జరిగినది చీకటి సందులో కాదు, అధికారులతో కిక్కిరిసిన హోటలు వసారాలో. బోస్టన్‌లోని నార్త్ ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో 1993లో జాక్సన్ కాట్జ్ మొదలుపెట్టిన చూపరి శిక్షణ ఆ దశకంలోనే మెరైన్ దళానికి చేరింది. 2005లో రక్షణశాఖలో అత్యాచార నివారణకు ప్రత్యేక కార్యాలయం ఏర్పడింది. 2016లో వైమానికదళం ‘గ్రీన్ డాట్’ అనే శిక్షణను చేపట్టింది.

ఈ గ్రీన్ డాట్‌లో చెప్పే ఉపాయాలు మూడు: నేరుగా అడ్డుపడడం, తగినవారికి అప్పగించడం, దృష్టి మళ్లించడం. ఉదాహరణకు ఒక విందులో బాగా మత్తులో ఉన్న కొత్త సైనికురాలిని ఒకడు గదివైపు నడిపించుకుపోతున్నాడనుకొందాం. తోటివాడు వెళ్లి వద్దని చెప్పవచ్చు. చెప్పే ధైర్యం లేకపోతే డ్యూటీలో ఉన్న సార్జెంటును పిలవవచ్చు. అదీ కుదరకపోతే, “నీకు ఫోను వచ్చింది” అని ఆమెను పక్కకు పిలవవచ్చు. కండబలం లేనివాడికి కూడా చేయదగిన పని ఒకటి దొరుకుతుంది. నాలుగవ మెట్టుకు ఇది చక్కని చేయూత. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో 26 ఉన్నత పాఠశాలలను తీసుకొని, కొన్నిటిలో ఈ శిక్షణ ఇచ్చి, కొన్నిటిలో ఇవ్వకుండా పోల్చి చూశారు. శిక్షణ పొందిన పాఠశాలలలో మూడవ, నాలుగవ సంవత్సరాలకు లైంగిక హింస తగ్గిందని 2017లో ప్రకటించారు. ఫలితం కనిపించడానికి రెండేళ్లకు పైగా పట్టిందన్నది ఉపాధ్యాయులు గుర్తుంచుకోదగిన విషయం.

సైన్యం మాట ఏమిటి? ఐరోపాలోని ఒక అమెరికన్ సైనిక స్థావరంలో జరిగిన ప్రాథమిక అధ్యయనం 2011లో వెలువడింది. శిక్షణ పొందిన సైనికులు, పొందనివారికంటె ఎక్కువగా ఇతరులకు సాయపడ్డామని చెప్పుకొన్నారు. ఆశాజనకమే; కాని అది వారు చెప్పుకొన్న మాట. నేరాలు తగ్గాయా అన్నది వేరే ప్రశ్న. రక్షణశాఖ అంచనా ప్రకారం ఏడాది కాలంలో లైంగిక దాడికి గురి అయిన సైనికుల సంఖ్య 2006లో సుమారు 34,200, 2012లో 26,000, 2016లో 14,900, 2018లో 20,500, 2021లో 35,900, 2023లో 29,000. మధ్యలో కొలిచే పద్ధతి మారింది కాబట్టి ఈ అంకెలన్నిటినీ ఒకే గీత మీద గుర్తించడం న్యాయం కాదు. జ్వరాన్ని రెండు వేర్వేరు థర్మామీటర్లతో చూసినప్పుడు చిన్న తేడాలను నమ్మరాదు. అయినా, తగ్గిన జ్వరం మళ్లీ పెరిగిందన్న సంగతి దాగేది కాదు. 2021 అంచనాలో బాధితులు స్త్రీలలో 8.4 శాతం, పురుషులలో 1.5 శాతం. సైన్యంలో పురుషుల సంఖ్య చాలా ఎక్కువ కాబట్టి, మొత్తం బాధితులలో వారు సగానికి కొంచెమే తక్కువ. ఇది స్త్రీల సమస్య మాత్రమే అనుకోవడం సరి కాదు.

నాకు అన్నిటికంటె ఆలోచన కలిగించిన అంకె 2014 నాటిది. లైంగిక దాడికి దారితీసేటట్లున్న పరిస్థితిని తాము చూశామని ఆ సర్వేలో చెప్పిన సైనికులు సుమారు 4 శాతమే. అలా చూసినవారిలో 87 శాతం మంది ఏదో ఒక చర్య తీసుకొన్నామన్నారు. సొంత గొప్ప కొంత తీసివేసినా, చూసి గుర్తించినవాడు ఊరకుండడం అరుదన్నమాట. ప్రతిబంధకం ఐదవ మెట్టు దగ్గర కాదు, మొదటి రెండు మెట్ల దగ్గరే ఎక్కువ. నేరస్థుడు చూపరి లేని చోటును, వేళను ఎంచుకొంటాడు; లేదా తన హోదాను తెరగా వాడుకొంటాడు. హాస్యం పేరిట సాగే వేధింపు, కొత్తవారి చేత చేయించే అవమానకరమైన పనులు రోజూ కళ్లముందు జరిగేవే కాబట్టి, అవి ఆపదకు మొదటి మెట్లని ఎవరికీ తోచదు. గదిలోకి పొగ నెమ్మదిగా వస్తున్నది. అందరూ కాగితాలు నింపుతున్నారు!

కంచె మాట

అంతేకాదు, గుర్తించి చెప్పినవాడికి ఏమవుతున్నదో ఇతరులు చూస్తూనే ఉంటారు. 2014లో ర్యాండ్ సంస్థ జరిపిన సర్వేలో, దాడిని గురించి ఫిర్యాదు చేసిన స్త్రీలలో సగానికి పైగా తమకు ఏదో ఒక రూపంలో ప్రతీకారం ఎదురైందన్నారు. 2020లో టెక్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్ హుడ్ స్థావరానికి చెందిన యువ సైనికురాలు ఒకరు హత్యకు గురి కాగా, ఒక స్వతంత్ర సంఘం ఆ స్థావరాన్ని పరిశీలించింది. ఆ సంఘం మాట్లాడిన 503 మంది సైనికురాళ్లు చెప్పినవాటిలో నమ్మదగిన లైంగిక దాడి సంఘటనలు 93. వాటిలో 59 మాత్రమే అధికారుల దృష్టికి వెళ్లాయి. ఆ స్థావరంలో నివారణ కార్యక్రమం లేక కాదు. అధికారులు దాన్ని పట్టించుకోక అది పేరుకు మాత్రమే మిగిలిందని సంఘం నిర్ణయించి, 70 సిఫారసులు చేసింది. కంచే చేను మేసేచోట, చేను చూసి పోయేవాడికి ఎన్ని పాఠాలు చెప్పి ఏమి లాభం?

ఈ దృష్టి అమెరికాలో ఇప్పుడు కొంత మారింది. 2021లో ఒక స్వతంత్ర సంఘం రక్షణశాఖకు 82 సిఫారసులు చేసింది. ఆ ఏడాది చివరలో వచ్చిన చట్టం, అత్యాచార నేరాలపై అభియోగం మోపాలా వద్దా అన్న నిర్ణయాన్ని సొంత దళాధిపతుల చేతి నుంచి తీసి ప్రత్యేక న్యాయవాదులకు అప్పగించింది. 2023 డిసెంబరు 28 నుంచి ఆ ఏర్పాటు అమలులోకి వచ్చింది. ఎరిక్‌సన్ కాలంలో ఇది ఉండి ఉంటే, తన మాట వినే మనిషి కోసం అతను అన్ని గుడారాలు తిరగవలసి వచ్చేది కాదు. చూపరి ధైర్యాన్ని పెంచడం ఒక మార్గమైతే, ఆ ధైర్యం వెల తగ్గించడం రెండవ మార్గం. మొదటిదానికి తరగతి గది చాలు. రెండవదానికి చట్టం కావలె.

ఇక తుది నిర్ణయం. లటానే, డార్లేల గ్రంథాన్ని తీసిపారవేయవలసిన పని లేదు. ఉపాధ్యాయులు దాన్ని తరగతిలో చెప్పదగును; పొగగది ప్రయోగాన్ని పిల్లలు ఆసక్తితో వింటారు. అయితే చెప్పేటప్పుడు రెండు ప్రశ్నలు జోడించవలె: ఈ ప్రయోగంలో చూపరికి ఉన్న భయం ఏమిటి? అతని మీద అధికారం ఎవరిది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం తెలియకుండా ప్రయోగశాలలోని ఫలితాన్ని శిబిరానికి తీసుకుపోతే, బాధ్యత అంతా అందరికంటె చిన్నవాడి నెత్తిన పడుతుంది. చూడు, అడ్డుపడు అని సిపాయికి బోధించే సైన్యం, ఆ బోధనను ముందు అధికారుల గదిలో మొదలుపెట్టవలె. అక్కడి చూపరులు కదిలితే కిందివారికి కదలడం సులభమవుతుంది.